బొమ్మలో మన కూలీ ఎంత?

ధూల్‌పేట్ అంటే అందరికీ వినాయకులే యాదికొస్తరు. నిజాం కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధ్ కుటుంబాలు విగ్రహాలు, పతంగులు చేసుకుంటూ బతికాయి. మట్టి పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది. 2021లో హైకోర్టు ఆ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయొద్దన్నది. ముడిసరుకు మీద మాట వస్తే బతుకు ఎట్లా ఊగుతదో అప్పుడు తెలిసింది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు ముడిసరుకు పొనికి కర్ర. తేలిక, మెత్తన. కొండపల్లిలో కర్రను వేడికి ఆరబెట్టి, కాళ్లు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాతే రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, అన్నీ మనకు తెలిసిన రూపాలే. అడవిలో పొనికి తగ్గితే ఆ పనీ తగ్గుతుంది.

ఇక్కడైనా, అక్కడైనా రంగులద్దే పనిలో ఆడవాళ్ల చేయి ఉంది. చాలా ఇళ్లల్లో అది ఇంటి పని కిందే పోతుంది.

అక్కలారా, బొమ్మల పనికి లోను తీసుకుంటే, కర్ర, రంగుల ఖర్చు పక్కనే మన రోజు కూలీ కూడా రాద్దాం. కూలీ కలపకుండా ధర పెడితే, లాభమని మనం లెక్కేసుకునేది మన కష్టమే.