ఇంటిని వెంటబెట్టుకుని ప్రయాణం: కాశీయాత్ర బిడారు నుంచి క్యారవాన్ దాకా

విడపనకల్లు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ప్రయాణాల చరిత్ర చెప్పుకుందాం.

మీ ఫోన్‌లో ఇట్లాంటి వీడియోలు మీరు చూసే ఉంటారు. రిటైరైన భార్యాభర్తలు ఒక పెద్ద వ్యాన్ కొనుక్కుంటారు. లోపలే మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు, బాత్రూం అన్నీ ఉంటాయి. దాంట్లో దేశమంతా తిరుగుతారు. దారిలో కూతురి ఇంట్లో నాలుగు రోజులు, తమ్ముడి ఇంట్లో రెండు రోజులు ఉండి మళ్లీ రోడ్డెక్కుతారు. అమెరికాలో ఇది పాత అలవాటే. మన దేశంలో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. ఇదంతా చూస్తే బయటి దేశాల నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్ అనిపిస్తుంది.

కొత్తదేం కాదు. ఇల్లంతా వెంటబెట్టుకుని దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పోయే పని మన తెలుగువాళ్లు దాదాపు 200 ఏళ్ల కిందటే చేశారు. చేసి ఊరుకోలేదు, పుస్తకం కూడా రాశారు. అయితే ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇదే పని కొందరు చేస్తే పుణ్యం అన్నారు, ఇంకొందరు చేస్తే నేరం అన్నారు. ఈ తేడా ఎట్లా వచ్చింది? ఈరోజు చెప్పాలనుకున్న అసలు విషయం అదే.

ముందు ఆ పుస్తకం సంగతి చూద్దాం. దాన్ని రాసిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. 1780లో పుట్టాడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్, అంటే దుబాసీగా పెద్ద ఉద్యోగం చేశాడు. తెలుగు, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. యాభై ఏళ్ల వయసులో కాశీకి బయల్దేరాడు. 1830 మే 18న మద్రాసు నుంచి కదిలి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరాడు. అంటే పదిహేను నెలలకు పైగా రోడ్డు మీదే ఉన్నాడన్నమాట. వెంట తల్లి, భార్య, బంధువులు, వంటవాళ్లు, నౌకర్లు, పల్లకీ మోసే బోయీలు, అంతా కలిసి సుమారు వందమంది. డేరాలు, వంటపాత్రలు, పూజసామాను, మందులు అన్నీ మోసుకుని పోయారు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ డేరా వేసుకోవడమే. దాన్ని ఆనాటి మోటర్‌హోమ్ అనుకోవచ్చు. కాకపోతే ఇంజన్ లేదు. దాన్ని నడిపింది మనుషుల భుజాలు.

ఎట్లా పోయారో చూడండి. తిరుపతి, ఒంటిమిట్ట, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం. అక్కడి నుంచి కృష్ణ దాటి హైదరాబాదు. ఆపైన నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ, గయ. వచ్చేటప్పుడు వేరే దారి: పూరీ మీదుగా తూర్పు తీరం వెంబడి విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు, మద్రాసు. దారిలో చూసిన ప్రతిదీ తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాలుగా రాశాడు. వీరాస్వామయ్య 1836లో చనిపోయాడు. పిళ్లె ఆ రాతల్ని 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అని అచ్చు వేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ ప్రచురించాడు. తెలుగులో మొదటి యాత్రా పుస్తకంగా చాలామంది చెప్పేది దీన్నే.

ఆ పుస్తకం తెరిస్తే గుళ్ల కథలే ఉంటాయి అనుకుంటాం. గుళ్లు ఉన్నాయి గానీ, ఆయన చూపు ఎక్కువగా వేరే వాటి మీద ఉంది. ఈ ఊరు ఎన్ని ఆమడల దూరం? ఇక్కడ నీళ్లు మంచివా? అంగళ్లు ఉన్నాయా, బియ్యం దొరుకుతాయా? దిగడానికి నీడ ఉందా, సత్రం ఉందా? దారి ఇసుకా, రాయా, అడవా? అచ్చం మన ట్రావెల్ వీడియోల్లో పార్కింగ్ ఎక్కడ, నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి అని చెప్పినట్టే. బండి ఏదైనా సరే, ప్రయాణం నిలబడేది మజిలీల మీదే. బావి, చెట్టు, సత్రం, అమ్మేవాడు ఉంటేనే మనిషి ముందుకు పోతాడు.

పన్నుల సంగతి కూడా రాశాడు. శ్రీశైలం అప్పట్లో కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. కొండకు వచ్చే యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాళ్లు. ప్రయాగలో, గయలో, పూరీలో అయితే కంపెనీ దొరలే యాత్రికుల పన్ను పెట్టారు. అది 1840 దాకా సాగింది. అంటే ఇప్పటి టోల్ గేట్లకు కూడా పెద్ద చరిత్రే ఉందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ పుస్తకంలో మనకు వినబడేది వీరాస్వామయ్య గొంతు ఒక్కటే. వేల మైళ్లు పల్లకీ మోసిన బోయీలు ఆ ప్రయాణం గురించి ఏమనుకున్నారో, తల్లీ భార్యా ఏం మాట్లాడుకున్నారో వాళ్ల మాటల్లో మనకు దొరకదు. ఉత్తరం రాయగలిగినవాడి ప్రయాణమే చరిత్ర అయింది.

మరి ఆ కాలంలో పెద్దవయసు భార్యాభర్తలకు కాశీ అంటే ఏమిటి? పిల్లల పెళ్లిళ్లు అయిపోయాక, బాధ్యతలు తీరాక పోయే ప్రయాణం. కాశీకి పోతే కాటికి పోయినట్టే అనే మాట మన పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. తిరిగొస్తామన్న నమ్మకం లేదు కాబట్టి, బయల్దేరే ముందు చుట్టాలందరినీ చూసి, అప్పులు తీర్చి, చెప్పాల్సినవి చెప్పి పోయేవాళ్లు. గయలో పోయిన పెద్దలకు పిండం పెట్టేవాళ్లు. అంటే బతికి ఉన్న బంధువులను ఇంటి దగ్గర చూసుకుని, పోయిన బంధువులను గయలో పలకరించి వచ్చేవాళ్లు. వ్యాన్ దంపతులు కూతురి ఇంటికీ తమ్ముడి ఇంటికీ పోయినట్టే, ఇదీ చుట్టపుచూపే.

ఇప్పుడు మా వైపు వద్దాం. 1800లో నిజాం ఒక ఒప్పందం చేసుకుని బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అంటే ఇవే. వీటికి మొదటి ప్రధాన కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. అందులో ఎక్కువ కాలం డేరాల్లోనే బతికాడు. ఊరూరూ తిరిగి భూములు కొలిపించి శిస్తు కట్టించాడు. ఆయనకు డేరానే ఇల్లు, డేరానే ఆఫీసు.

తర్వాత 1820లో మద్రాసు గవర్నర్ అయ్యాడు. కొన్నేళ్లకు పదవి వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోదామనుకున్నాడు. కొడుక్కి ఒంట్లో బాగాలేకపోతే భార్య జేన్ 1826లో ముందే ఓడెక్కింది. ఈయన పోయే ముందు ఆఖరిసారి దత్త మండలాలు చూడాలని బయల్దేరాడు. మళ్లీ డేరాలు, మళ్లీ అదే రోడ్లు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా వచ్చి చనిపోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. గుత్తి మాకు దూరమేం కాదు, గుంతకల్లు దాటితే వచ్చేస్తుంది. రిటైరై పెళ్లాంబిడ్డల దగ్గరికి పోదామనుకున్న గవర్నర్ దారిలోనే పోయాడంటే, ఆ రోజుల్లో ప్రయాణం ఎంత ప్రమాదమో చూడండి. సుమారు మూడేళ్ల తర్వాత పక్కనున్న కడప దారిలోనే వీరాస్వామయ్య తన తల్లిని వెంటబెట్టుకుని పోయాడు.

ఇప్పటిదాకా చెప్పింది పెద్దవాళ్ల ప్రయాణాలు. ఇదే నేల మీద ఏడాది పొడుగునా ఇంటితో సహా తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు, గుడారాలు, కుక్కలు అన్నీ బిడారులోనే. అన్నట్టు, క్యారవాన్ అనే మాట పుట్టింది పర్షియా భాషలోని కార్వాన్ నుంచి. గుంపుగా పోయే ప్రయాణికులు అని అర్థం. మన తెలుగులో దానికి బిడారు అనే మాట ఉండనే ఉంది. 1791–92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికి తిండి చేర్చింది కూడా ఈ బిడారులే. అట్లాగే ఎరుకలవాళ్లు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో అమ్మి, ధాన్యం తీసుకుపోయేవాళ్లు. రోడ్డు లేని ఊరికి ఉప్పు వచ్చిందంటే వాళ్ల పుణ్యమే.

తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. నెలలు పట్టే కాశీ రానురాను రోజుల్లోకి వచ్చింది. మామూలు సంసారాలు కూడా టికెట్ కొనుక్కుని పోగలిగాయి. ఇది నిజంగా గొప్ప మార్పే. కానీ అదే రైలు ఉప్పునూ, ధాన్యాన్నీ కూడా మోసింది. ఎద్దుల మీద సరుకు మోసి బతికేవాళ్ల చేతిలో పని పోయింది.

సరిగ్గా అదే 1871లో ఇంకోటి జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టే చట్టం అది. మొదట ఉత్తర దేశంలో, 1911 తర్వాత మద్రాసు రాజ్యంలో కూడా అమలైంది. పోలీసుల దగ్గర పేర్లు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి. ఎరుకల కుటుంబాలను కొన్నిచోట్ల కంచెల్లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా 1913లో పుట్టిందే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. ఆ ముద్ర మాత్రం అంత తొందరగా పోలేదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. వీరాస్వామయ్య వందమందితో డేరాలు వేసుకుంటూ పోతే యాత్ర. మన్రో డేరాలో ఉంటే పరిపాలన. ఎరుకల కుటుంబం గుడిసె మడుచుకుని పోతే అనుమానం. ముగ్గురూ చేసింది ఒకటే: ఇల్లు వెంటబెట్టుకుని నడవడం. తేడా నడకలో లేదు, నడిచేవాడి జేబులో, కులంలో ఉంది.

మా అనంతపురం వాళ్లకు ఇంకో రకం ప్రయాణం బాగా తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదీ నమ్మకం లేదు. 1876–78లో వచ్చిన ధాత కరువులో ఈ సీమంతా ఖాళీ గిన్నెలతో రోడ్డెక్కింది. సర్కారు కరువు పనుల్లో ఒక దశలో మగమనిషికి రోజంతా రాళ్లు కొడితే ఇచ్చింది పౌను ధాన్యం, ఒక అణా; ఆ ధాన్యం అరకిలో కూడా కాదు. ఇప్పుడు అంత కరువు లేదు. అయినా వాన తప్పిన ఏడాది మా పల్లెల్లో తాళాలేసిన ఇళ్లు చూడొచ్చు. బళ్లారి, బెంగళూరు పోయే బస్సుల్లో మూటలు, గిన్నెలు, స్టవ్వులు, పిల్లలు. అదీ ఇంటిని వెంటబెట్టుకుని పోవడమే. పని జరిగే చోట రేకుల షెడ్డు వేసుకుని ఆరు నెలలుంటారు. దాన్ని ఎవరూ వీడియో తీసి క్యారవాన్ జీవితం అనరు.

ఊళ్లో మిగిలేది అవ్వాతాతలు. వాళ్ల టూర్ ఏమిటంటే, గుంతకల్లులో రైలెక్కి బెంగళూరులో కొడుకు దగ్గరికి పోవడం. సంచిలో శనక్కాయలు, జొన్నపిండి, కందిపప్పు. పది రోజులుండి, అక్కడి గదిలో ఊపిరాడక, మళ్లీ ఊరికి వచ్చేస్తారు. ఈ ప్రయాణం గురించి ఉత్తరాలు రాసే వీరాస్వామయ్య మనలో లేడు. కానీ మీ చేతిలో ఫోన్ ఉంది కదా.

అందుకే ఒక పని చెప్తా. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి. బండి కట్టుకుని ఏ జాతరకు పోయేవాళ్లు? రాత్రి ఎక్కడ దిగేవాళ్లు? ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవి? కరువులో ఏ ఊరికి పోయారు, అక్కడ ఎవరు అన్నం పెట్టారు? రికార్డ్ చేసి పెట్టుకోండి. వీరాస్వామయ్య రాసుకున్నది కూడా సరిగ్గా ఇవే: నీళ్లు, నీడ, తిండి, దూరం. రాసిపెట్టాడు కాబట్టే ఇన్నేళ్ల తర్వాత ఆయన ప్రయాణం గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

క్యారవాన్‌లో తిరిగే పెద్దవాళ్లను చూసి సంతోషపడండి, అందులో తప్పేం లేదు. జీవితమంతా కష్టపడినవాళ్లు, తిరగనీ. అదే హైవే పక్కన ప్లాస్టిక్ పట్ట కింద పొయ్యి వెలిగించుకున్న కుటుంబం కనబడితే, వాళ్లదీ ప్రయాణమే అని గుర్తుపెట్టుకోండి. బాటిల్‌లో నీళ్లుంటే ఇచ్చి పోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.