డిగ్రీయా, ఇంజనీరింగా? ఒక పాత ప్రశ్న కథ

కిందటి వేసవిలో మా అక్క కూతురు తెనాలి నుంచి ఫోన్ చేసింది. ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. ఈఏపీసెట్ ర్యాంకు కూడా వచ్చింది (మా ఇంట్లో అందరి నోటా అది ఇంకా ఎంసెట్టే). గొప్పగా చెప్పుకునే ర్యాంకు కాదు, తీసిపారేసేదీ కాదు. "పిన్నీ, ఎక్కడో దూరంగా ఒక కాలేజీలో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ వచ్చేలా ఉంది. ఇక్కడే ఉండి బీసీఏ చేస్తానంటే అమ్మ ఏడుస్తోంది. నువ్వూ డిగ్రీయే కదా చేసింది, ఏం చెయ్యమంటావో చెప్పు" అంది.

'డిగ్రీయే కదా' అన్నప్పుడు నన్ను తక్కువ చెయ్యాలని దాని ఉద్దేశం కాదు. అయినా ఆ మాట దగ్గర ఆగిపోయాను. బీటెక్ కూడా డిగ్రీయే. కానీ మన తెలుగులో ఆ మాటకి అర్థం మారిపోయి చాలా కాలమైంది. పిల్లలేం చదువుతున్నారని ఎవరైనా అడిగితే 'ఇంజనీరింగ్' అనో, 'డిగ్రీ' అనో జవాబు వస్తుంది. రెండోది చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. బీఎస్సీ, బీకామ్, బీఏ, బీసీఏ అన్నీ కలిపి ఒక మూటగట్టి, ఇంజనీరింగ్ కానిదానికల్లా మనం పెట్టుకున్న పేరు డిగ్రీ.

నేను కంప్యూటర్లతో పనిచేస్తూ రెండు దశాబ్దాలు దాటింది. ఈ తేడా చదువులోంచి వచ్చిందా, మరెక్కడినుంచైనా వచ్చిందా అన్నది నాకూ సరిగ్గా తెలియదు. అందుకే దానికి జవాబు చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళి చూశాను.

*

మొదట్లో అసలు ఈ ప్రశ్నే లేదు. ఎందుకంటే కోర్సే లేదు. మనదేశంలో కంప్యూటర్లు చేసినవాళ్ళు, నడిపినవాళ్ళు, వాటి గురించి పాఠాలు చెప్పినవాళ్ళు, మొదటి తరంలో అందరూ వేరే చదువులనుంచి వచ్చినవాళ్ళే. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు సొంతంగా కట్టుకున్న టిఫ్రాక్ యంత్రం 1960లో పనిలోకి వచ్చింది. దాని వెనకున్న ఆర్. నరసింహన్ డాక్టరేట్ గణితంలో. 1963లో కాన్పూర్ ఐఐటికి ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. అక్కడ పాఠాలు చెప్పిన వి. రాజారామన్ మొదట చదివింది ఫిజిక్స్ ఆనర్స్, తర్వాత ఎలక్ట్రికల్. ఎన్నో తరాల విద్యార్థులు ఆయన పుస్తకాలతోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. మా కాలేజీ లైబ్రరీలో ఆయన ఫోర్ట్రాన్ పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉండేది.

మనవాళ్ళ సంగతే చూద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో మద్రాసు గిండీ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగులో. ఆస్ట్రేలియాలో చదువుతున్నప్పుడు కంప్యూటర్ చేతికందింది. అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్ వెళ్ళి 1966లో డాక్టరేట్ చేశారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ తరవాతి తరంలో హైదరాబాదు కుర్రాడు సత్య నాదెళ్ళ మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. కంప్యూటర్ సైన్స్ చదవడం అమెరికా వెళ్ళాకే.

ఇలాంటి పేర్లు చెప్పి, 'చూశారా, కోర్సుతో పనిలేదు' అనడం ఉపన్యాసాల్లో మామూలే. నాకు అది సరైన పాఠం అనిపించదు. వీళ్ళలో ప్రతివాళ్ళూ ఏదో ఒక దారిన యంత్రం దగ్గరికి చేరగలిగారు. ఒకరికి బొంబాయి, ఒకరికి కాన్పూరు, ఒకరికి సిడ్నీ. ఆ రోజుల్లో ప్రశ్న 'ఏ కోర్సు' అని కాదు, 'యంత్రం ఉన్న గదిలోకి ఎవరు వెళ్ళొచ్చు' అని. తర్వాత వచ్చిన కోర్సుల చరిత్ర అంతా ఆ గది తలుపు ఎవరికి ఎంత తెరుచుకుంది అన్న చరిత్రే.

*

1978లో రెండు సంగతులు జరిగాయి. విదేశీ కంపెనీల వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక ఐబీఎం దేశం వదిలి వెళ్ళింది. అదే ఏడు కాన్పూర్ ఐఐటిలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ మొదలైంది, గుప్పెడు సీట్లతో.

ఐబీఎం వదిలిపోయిన యంత్రాల్ని చూసుకునే బాధ్యత ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ తీసుకుంది. మన సీఎంసీ అదే. హైదరాబాదులో ఈసీఐఎల్ అప్పటికే ఉంది. 1967లో పుట్టిన ఆ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ని తయారుచేసింది. బ్యాంకులు, రైల్వేలు, విద్యుత్ బోర్డులు నెమ్మదిగా కంప్యూటర్ల వైపు చూస్తున్నాయి. యంత్రాలు వస్తాయి సరే, ప్రోగ్రాములు రాసేదెవరు? ఐఐటి గుప్పెడు సీట్లు ఏ మూలకి?

ఈ ప్రశ్న మీద ఎలక్ట్రానిక్స్ కమిషన్ ఒక బృందాన్ని వేసింది. దానికి పెద్ద రాజారామన్ గారే. వాళ్ళు చేసిన ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. జీతాల లెక్క, టికెట్ల లెక్క, గిడ్డంగి లెక్క రాసే ప్రోగ్రాముకి వంతెనల బలం, మోటార్ల తీరు తెలియక్కర్లేదు. లెక్కలొచ్చి, తర్కం తెలిసి ఉంటే చాలు. అలాంటి పిల్లలు ఊరూరా బీఎస్సీల్లో, బీకాముల్లో ఉన్నారు. వాళ్ళకి మూడేళ్ళు గట్టిగా నేర్పించి, చివర ఆరునెలలు ఏదైనా సంస్థలో పనిచేయించి వదిలితే సరిపోతుంది. అలా 1982లో మొదలైంది ఎంసీఏ.

అంటే ఎంసీఏ అన్నది ఇంజనీరింగ్ దొరకనివాళ్ళ కోసం తర్వాతెప్పుడో అతికించిన అతుకు కాదు. డిగ్రీ చదివినవాళ్ళు ఈ పనికి పనికొస్తారన్న నమ్మకంతో, తెలిసి తెలిసి పెట్టిన రెండో తలుపు. నేను ఆ తలుపులోంచే వచ్చాను. కానీ దాన్ని ఎవరో ఆలోచించి కట్టారన్న సంగతి నాకు ముప్ఫై దాటాకగానీ తెలియలేదు.

*

మన రాష్ట్రంలో మొదటి తలుపు కథ వేరు. ఇక్కడ అది డబ్బు కథ, కోర్టుల కథ. డొనేషన్లు తీసుకుని సీట్లివ్వడాన్ని నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 1986లో ఎంసెట్ వచ్చింది. అప్పటినుంచి ర్యాంకు అనే మాట మన ఇళ్ళలో జాతకం పక్కన చేరింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అయ్యాయి. రెండూ ర్యాంకును బట్టే. కానీ పేమెంటు సీటుకి ర్యాంకుతో పాటు డబ్బు కూడా కావాలి.

1995లో నాకొచ్చిన ర్యాంకుకి పేమెంటు సీటే దిక్కు. అదీ రాయలసీమలో ఎక్కడో. మా నాన్న ఆ ఫీజు కాయితం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగారు. మూడోరోజు, "హాస్టల్లో ఆడపిల్ల ఒక్కతే ఎందుకులేమ్మా" అన్నారు. అసలు కారణం నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరం హాస్టల్ మీదికి నెట్టేశాం. నేను ఊళ్ళోనే బీఎస్సీలో చేరాను. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. అప్పుడప్పుడే డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్స్ అన్న మూడో సబ్జెక్టు పెడుతున్నారు. కెమిస్ట్రీ ల్యాబు పక్కన ఒక గదికి ఏసీ పెట్టి, నాపరాళ్ళ మీద తివాచీ పరిచి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టారు. వారానికి రెండు గంటలు, ఒక్కో యంత్రం ముందు నలుగురం. ముగ్గురు చూస్తుంటే ఒకళ్ళు టైపు చెయ్యడం.

మా క్లాసులో సగానికి పైగా అమ్మాయిలమే. మాలో చాలామంది కథలు నా కథలాంటివే. ఒకళ్ళకి తమ్ముడి చదువు, ఒకళ్ళకి పెళ్ళి తొందర, ఒకళ్ళకి పేమెంటు సీటు. డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి మేం ఏడుగురం ఎంసీఏలో చేరాం. ఆ మూడేళ్ళలోనే ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ నిజంగా చదువుకున్నాను. ఒక యంత్రం ముందు ఒక్కదాన్నే కూర్చోవడం కూడా అక్కడే మొదటిసారి.

ఆ రోజుల్లో ఆదివారం పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి దాచేవాళ్ళం. వాటిలో అర్హత దగ్గర ఒకే వరుసలో ఉండేది: బీఈ/బీటెక్/ఎంసీఏ. మధ్యలో అడ్డగీతలు. ఆ గీతకి అటొకరు, ఇటొకరు, ఇద్దరూ సమానమే. తెనాలిలో ఇంటిదగ్గర ఉండి చదువుకున్న పిల్లని, నాలుగేళ్ళు ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాళ్ళ పక్కన నిలబెట్టింది ఆ గీతే. రాజారామన్ బృందం చేసిన పనికి ప్రజలకి కనిపించిన రూపం అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

*

ఆ తర్వాత సంగతులు చాలామందికి తెలిసినవే. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ వచ్చాయి. 2000 సంవత్సరం గండం దాటించడానికి కోబాల్ తెలిసినవాళ్ళు కావాలంటే, అమీర్‌పేటలో కోబాల్ నేర్పే గదులు వెలిశాయి. సివిల్ చదివినవాళ్ళు, మెకానికల్ చదివినవాళ్ళు, ఎమ్మెస్సీ మ్యాథ్స్ వాళ్ళు అందరూ విమానాలెక్కారు. మా బ్యాచి 2001లో బయటికొచ్చేసరికి ఆ బుడగ పేలిపోయింది. రెండేళ్ళు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాను. బీటెక్ చదివిన మా పెదనాన్నగారబ్బాయి కూడా ఆ రెండేళ్ళూ ఖాళీగానే ఉన్నాడు. గాలి తిరగబడ్డప్పుడు అడ్డగీతకి ఇటూ అటూ ఒకటే.

తేడా ముదిరింది ఆ తర్వాత. ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లోకి పెరిగాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. నాలాంటి ర్యాంకు, మా నాన్నలాంటి నాన్న ఉన్న పిల్లలకి మొదటి తలుపు తెరుచుకుంది. ఇది మంచిపనే. ఆ పథకం 1995లో ఉంటే మా నాన్న జేబులో ఆ కాయితం రెండు రోజులు నలిగేది కాదు. కానీ దాని వెనక ఇంకొకటి జరిగింది. లెక్కలు బాగా వచ్చి, డబ్బు లేక బీఎస్సీకి వచ్చే పిల్లలు రావడం మానేశారు. డిగ్రీ కాలేజీలు ఆ పిల్లలతో పాటు, వాళ్ళకి పాఠాలు చెప్పడానికి ఉత్సాహపడే మేస్టర్లనీ పోగొట్టుకున్నాయి. ఎంసీఏ సీట్లు ఖాళీగా మిగలడం మొదలైంది. 'డిగ్రీ' అన్న మాట గొంతు తగ్గించి పలికే మాట అయింది. నా లెక్కలో ఆ చిన్నచూపు సిలబస్‌లోంచి పుట్టలేదు. ఎవరు ఎటు వెళ్ళారన్నదాన్ని బట్టి పుట్టింది.

అయినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. విప్రో, టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీలు బీఎస్సీ, బీసీఏ పిల్లల్ని తీసుకుని తామే చదివించే, తర్ఫీదిచ్చే పథకాలు పెట్టుకున్నాయి. 2020 నుంచి ఎంసీఏ రెండేళ్ళకి తగ్గింది. అంటే మూడేళ్ళ బీసీఏ, రెండేళ్ళ ఎంసీఏ కలిపి ఐదేళ్ళు. బీటెక్ కన్నా ఒక్క ఏడాది ఎక్కువ, చేతిలో మాత్రం పీజీ. 2024లో బీసీఏ కూడా ఏఐసీటీఈ కిందికి వచ్చింది. అదే ఏడాది నుంచి, వసతులున్న కాలేజీలు ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లయినా పెంచుకోవచ్చన్నారు. ఇక సీఎస్ఈకి తోకలు మొదలయ్యాయి: ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. నా తరవాతివాళ్ళకి ఐటీ అని ఒక బ్రాంచి ఉండేది. అప్పట్లో అదే కొత్త, అదే గొప్ప. ఇప్పుడు దాన్ని ఎవరూ మొదట రాసుకోరు.

*

మా అక్క కూతురికి ఫోన్ చేసి చరిత్ర అంతా చెప్పలేదు. రెండు కాలేజీల సిలబస్ తెప్పించమన్నాను. రెండూ పక్కన పెట్టుకుని వీడియో కాల్‌లో కూర్చున్నాం. ఆ బీటెక్‌లో లెక్కలు నాలుగు సెమిస్టర్లున్నాయి, బీసీఏలో రెండే. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ రెండిట్లోనూ ఉన్నాయి. ఏఐ పేరున్న పేపర్లు మూడో ఏడు దాకా లేవు. "మరి పేరెందుకు పెట్టారు పిన్నీ?" అంది. నవ్వాను.

"రెండుచోట్లకీ వెళ్ళి చూడు. ల్యాబులో ఒక యంత్రానికి ఎంతమందో లెక్కపెట్టు. సాయంత్రం ల్యాబు తెరిచి ఉంచుతారా అని అడుగు. మూడో ఏడు పిల్లల్ని పట్టుకుని, ఈ నెల్లో సొంతంగా ఏం ప్రోగ్రాం రాశారో అడుగు" అన్నాను. ఇంకోమాట కూడా చెప్పాను, ఇది అక్క వినేలా. బీసీఏలో చేరితే లెక్కలు వదలకుండా బయట చదువుకోవాలి, ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యాలి. ఆ ఐదేళ్ళూ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. మధ్యలో పెళ్ళి మాట ఎత్తితే ఆ దారి సగంలో తెగిపోతుంది. మా క్లాసు అమ్మాయిల్లో చాలామందికి తెగింది అక్కడే. ఎంసీఏలో చేరిన ఏడుగురి గురించి చెప్పాను కదా, డిగ్రీ క్లాసులో మేం ఇరవై ఆరుమంది.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఆ రోజు ఆ కాయితం బీరువాలో పెట్టారే, ఇంకా ఉంది" అంది.

వాళ్ళిద్దరూ ఆ శనివారం బస్సెక్కి దూరం కాలేజీ చూసొచ్చారు. సోమవారం ఊళ్ళో కాలేజీకి వెళ్ళారు. రెండుచోట్లా యంత్రాలు లెక్కపెట్టారట. ఏది చేరిందో ఇక్కడ రాయను. అది దాని చదువు, దాని ఇష్టం. ఫోన్ పెట్టేసేముందు మాత్రం, "పిన్నీ, బీటెక్ కూడా డిగ్రీయే కదా?" అంది.