డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్: జ్ఞాపకశక్తిపై దుష్ప్రభావాలు

పార్కిన్సన్స్, డిస్టోనియా వంటి కదలికల రుగ్మతలకు మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు అమర్చి విద్యుత్తు పంపే చికిత్స డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. దీన్ని క్లుప్తంగా డీబీఎస్ అంటారు. వణుకు, బిగుతు తగ్గినా, కొందరికి మాటలు వెంటనే తట్టవు. విన్న విషయం గుర్తుండదు.

డీబీఎస్ రాకముందు వణుకు తగ్గించడానికి మెదడు లోపలి థాలమస్ అనే కేంద్రంలో కొంత భాగాన్ని నాశనం చేసేవారు. రెండు వైపులా చేయించుకున్నవారిలో మాట, జ్ఞాపకశక్తి దెబ్బతినేవి. ఆపరేషన్ సమయంలో థాలమస్‌కు విద్యుత్తు ఇస్తే పదాల తాత్కాలిక జ్ఞాపకం మారుతుందని 1971లో జార్జ్ ఒజెమన్ బృందం చూపింది.

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబిద్, పియర్ పొలాక్ కణజాలాన్ని నాశనం చేయకుండా, అధిక పౌనఃపున్య విద్యుత్తుతోనే వణుకును అణచారు. 1993లో అదే బృందం సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే మరో కేంద్రాన్ని ఎంచుకుంది. జ్ఞాపకశక్తి చర్చ ప్రధానంగా ఈ కేంద్రం చుట్టూనే సాగింది. కదలిక, ఆలోచన, భావోద్వేగ మార్గాలు ఆ చిన్న కేంద్రంలో పక్కపక్కనే ఉండటంతో, ఒకదానికి ఉద్దేశించిన విద్యుత్తు మరోదానికి పాకే అవకాశం ఉంది.

1999లో ఫ్రెంచ్ బృందాలు మాటల ధారాళత తగ్గడం మినహా పెద్ద నష్టం లేదన్నాయి. 2000లో టొరంటోలో జీన్ సెయింట్-సిర్, ఆండ్రెస్ లొజానో తదితరులు ఎంతో శ్రద్ధగా చేసిన అధ్యయనం ఆ ధీమాను సడలించింది. పనిచేసే జ్ఞాపకం (సమాచారాన్ని కాసేపు మనసులో ఉంచుకుని వాడుకునే శక్తి), విన్న పదాలను మనసులో నిలుపుకోవడం క్షీణించాయనీ, 69 ఏళ్లు దాటినవారికే ఎక్కువ నష్టమనీ తేలింది. 28 అధ్యయనాలను, 612 మంది రోగులను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో మాటల ధారాళత ఒక మోస్తరుగా, పదజ్ఞాపకం స్వల్పంగా తగ్గాయి. 2012లో వెలువడిన అమెరికా మూడేళ్ల పరిశీలనలో గ్లోబస్ పాలిడస్ అనే మరో మెదడు కేంద్రాన్ని ప్రేరేపించినవారి కంటే సబ్‌థాలమిక్ రోగుల్లో సాధారణ మేధాశక్తి స్కోరు వేగంగా పడిపోయింది.

నష్టానికి విద్యుత్తు ఒక్కటే కారణం కాదు. ఎలక్ట్రోడ్ దారిలో కాడేట్ న్యూక్లియస్ అనే మెదడు భాగం తగిలితే పనిచేసే జ్ఞాపకం తగ్గుతుందని 2013లో కార్స్‌టెన్ విట్ బృందం గుర్తించింది. ఈ ఒక్క పరిశోధనే శస్త్రవైద్యులకు ఎక్కువగా అక్కరకొచ్చేది. ఎలక్ట్రోడ్ దారిని ముందుగానే మార్చుకోవచ్చు గనక. మందుల మోతాదు తగ్గించడం, వ్యాధి తనంతట తాను ముదరడం కూడా ఫలితాలను మారుస్తాయి. డిస్టోనియా రోగుల్లో ఇలాంటి క్షీణత అరుదు.

ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకశక్తి, భాష, ఏకాగ్రత పరీక్షలు చేయడం ఇప్పుడు స్థిరపడిన పద్ధతి. అప్పటికే డిమెన్షియా ఉన్నవారికి సాధారణంగా డీబీఎస్ సిఫారసు చేయరు.