పాచిక లోపలి లెక్క
‘పాచిక పారలేదు’ అని పేపర్లో చదివితే ఇప్పుడు మనకు కుట్ర ఒక్కటే తడుతుంది. సంస్కృతపు పాశకమే మన పాచిక; అసలు అర్థం జూదంలో వేసేది. దానికి మరో పేరు అక్షం. తానికాయకూ అదే పేరు, వేదకాలపు జూదరులు ఆ కాయలనే వేసేవారు. అచ్చంపేట దాటి నల్లమలలోకి పోతే ఆ చెట్లు నేటికీ ఉన్నాయి. భారతంలో ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకుల్నీ కాయల్నీ చూపుతోనే లెక్కగట్టి, అశ్వహృదయానికి బదులుగా నలుడికి అక్షహృదయం నేర్పాడు: పాచిక లోపలి లెక్క ఎరిగే విద్య. నల్గొండలో మా మేనల్లుడు పోకెమాన్ ఆడుతూ ‘లక్ మామా’ అంటాడు. నాకైతే అక్కడ కనిపించేది లెక్కే. 2004 నాటి పోకెమాన్ ఎమరాల్డ్ పాత అంకెను 1103515245తో గుణించి, 24691 కలిపి, 32 బిట్లకు మించింది వదిలేసి కొత్త అంకె తీస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ సున్నాతోనే మొదలు. సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది. కావలసిన అంకె పడే క్షణాన సరిగ్గా మీట నొక్కితే, మామూలుగా 8192లో ఒకటిగా తగిలే వేరే రంగు జీవి చిక్కుతుంది. దీన్ని పిల్లలు ‘ఆర్‌ఎన్‌జీ మానిప్యులేషన్’ (ఆర్‌ఎన్‌జీ అంటే అంకెలు తీసే ఆ లెక్కే) అంటున్నారు. ఆ పేరులో మోసం ధ్వనిస్తుంది, ఈ పనిలో ఉన్నది ఓపికా గణితమూ. అక్షహృదయం అనండి, సరిగ్గా అతుకుతుంది.