ఎండసీమలో కంప్యూటరుకు చల్లదనము

వాల్వుల రేడియోను వాడిన ఇండ్లవారికి ఒక నియమము తెలుసును. పెట్టెను గోడకు ఆనించరాదు. వెనుక అట్టకున్న రంధ్రాలను మూయరాదు. లోపలి వేడి బయటకు పోవుటకు అదే దారి. ప్రసారకేంద్రాలలోని పెద్ద వాల్వులకు ఆ దారి చాలక, పంకాలతో గాలి విసరడమో, చుట్టూ నీరు పారించడమో చేయవలసి వచ్చేది. కాబట్టి యంత్రాన్ని చల్లబరచడమన్నది మా వృత్తివారికి కొత్త చింత కాదు. ఆ చింతే ఇప్పుడు కంప్యూటరు రూపంలో కర్నూలు, కడప ఇండ్లలో ప్రవేశించినది. ప్రాసెసరుతోపాటు కంపెనీవారు ఇచ్చే కూలరు మన ఎండలకు చాలునా, లేక బజారులో వేరొకటి కొనవలెనా?

ఈ ప్రశ్నకు చరిత్ర పొట్టిది. 1985 నాటి ఇంటెల్ 386 ప్రాసెసరుకు పంకాతో పనే లేదు. 1993లో వచ్చిన పెంటియంలో 66 మెగాహెర్ట్జుల రకము సుమారు 16 వాట్ల వేడిని వెలువరించి, లోహపు రెక్కలను, పంకాను తప్పనిసరి చేసినది. 2004లో ప్రెస్కాట్ అను పేర వచ్చిన పెంటియం 4 లో వేగవంతమైన రకాలు 100 వాట్లను దాటినవి. గోరంత సిలికాన్ పలుక మీద పాతకాలపు నూరు వాట్ల బల్బు వెలిగినట్లే లెక్క. విడి కూలర్ల గిరాకీ ఆ రోజులలో బాగా పెరిగినది. ఆస్ట్రియాలో నోక్టువా కంపెనీ ఏర్పడినది 2005లోనే. మరుసటి ఏట వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్లకు దిగి కొంత ఊరట కలిగించినది. 2015లో ఇంటెల్ వారు తమ వేగవంతమైన ‘కె’ రకాలను కూలరు లేకుండానే అమ్మసాగినారు.

అయితే కంపెనీ కూలరును ఏ గాలికోసం రూపొందించినారు? పెంటియం 4 కాలంలో ఇంటెల్ వారు కేబినెట్టు నిర్మాతలకిచ్చిన సూచనలలో గది వేడిమి 35 డిగ్రీలని, కూలరు నోటికి చేరే గాలి 38 డిగ్రీలను మించరాదని లెక్క వేసినారు. మే నెలలో కర్నూలులోనూ కడపలోనూ పగటి వేడిమి 40 డిగ్రీలను దాటడం సర్వసాధారణము. రాతిబండల మిద్దె పగలంతా కాగి, ప్రొద్దుగూకిన తరువాత కూడ గదిలోకి సెగ దించుతుంది. సీమవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఒక లెక్క చూతాము. ఒక కూలరు వాటుకు అర డిగ్రీ చొప్పున వేడిమి పెరగనిస్తుందనుకొందాము. 65 వాట్ల ప్రాసెసరు గాలికన్న సుమారు 32 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. 25 డిగ్రీల గాలిలో అది 57. 42 డిగ్రీల గాలిలో 74. దానికి రెండింతల సమర్థత గల కూలరు కొంటే, ఆ 32 కాస్తా 16 అవుతుంది, కాని 42 మాత్రము 42గానే ఉంటుంది. ఎంత వెల పోసినా పంకా గల ఏ కూలరూ ప్రాసెసరును గదిగాలికన్న చల్లగా చేయలేదు. మితిమీరి వేడెక్కిన ప్రాసెసరు నేడు కాలిపోదు. తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొంటుంది. 2020లో బడులు మూతబడి పాఠాలు ఇండ్లకు వచ్చినప్పుడు కంప్యూటరు మందగించడమంటే పిల్లవాని పాఠము తెగిపోవడమే.

విడి కూలర్లలోని రాగిగొట్టాల సంగతి ముచ్చటైనది. 1963లో, మన కడపలో ఆకాశవాణి గొంతు విప్పిన సంవత్సరముననే, అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు ఈ గొట్టాన్ని రూపొందించినాడు. మూసిన గొట్టంలో కొద్దిపాటి ద్రవము వేడి కొసన ఆవిరియై, చల్లని కొసకు పోయి, మరల ద్రవమై, లోపలి వత్తి వంటి పొర వెంట తిరిగి వస్తుంది. మట్టికూజాలోనూ నీరు ఆవిరియై వేడిని మోసుకొనిపోతుంది. కాని కూజా ఆవిరి గాలిలో కలిసిపోతుంది గనుక అందులోని నీరు గాలికన్న చల్లబడుతుంది. గొట్టంలోని ఆవిరికి బయటకు దారి లేదు. అది వేడిని చేరవేయగలదే గాని గాలిని మించి చల్లబరచలేదు.

అందుచేత 65 వాట్ల లోపు ప్రాసెసరు గలవారికి మేము ముందుగా చెప్పేది గది సంగతి. మన పొడిగాలిలో గడ్డితెరల కూలరు గదివేడిమిని చాలా డిగ్రీలు తగ్గిస్తుంది, మనిషికీ యంత్రానికీ కూడ. తడిగాలి సూటిగా కేబినెట్టుమీద పడకుండా చూచుకొంటే చాలును. అయితే వేసవిలో ట్యాంకరు నీటికి బిందెలు వరుసపెట్టే పల్లెలున్నవి. అక్కడ త్రాగే నీటిని గడ్డితెరలకు పోయమని మేము చెప్పలేము. నీటిచుక్క అడగని రాగిగొట్టాల కూలరుకు రెండు మూడు వేల రూపాయలు పెట్టడము అటువంటి ఇంట దుబారా కాదు. 100 వాట్లు దాటే ప్రాసెసరుకైతే అది ఎక్కడైనా అవసరమే.

కొనబోయే ముందు ఒక్కసారి కేబినెట్టు మూత తీసి చూడండి. బేతంచెర్ల నాపరాళ్ల పొడి గాని, ఎర్రమట్టి దుమ్ము గాని రెక్కల నడుమ చాపవలె పేరుకొని ఉంటే కుంచెతో తుడవండి. 2004 నుండి ఇంటెల్ కూలర్లను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ మేకులు. వాటిలో ఒకటి సరిగా దిగకున్నా కూలరు ప్రాసెసరుకు పూర్తిగా ఆనదు. నాలుగింటినీ వ్రేలితో నొక్కి చూడండి; నడుమనున్న థర్మల్ పేస్టు ఎండి పొడిబారితే తుడిచి, బియ్యపుగింజంత కొత్తది పెట్టండి.