పూత లేని పెంక

మా ముత్యంపేట నుంచి మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ దిక్కు పోతే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఉంటుంది. డమాస్కస్ కత్తుల ఉక్కుకు పేరు మోసిన ఊరు. సర్వే పని మీద తిరిగిన హెన్రీ వాయ్‌సే అనే డాక్టరు ఇక్కడ మూసల్లో ఉక్కు తీసే తీరు చూసి రాసి పెట్టాడు. ఆయన 1824లో పోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి ఇక్కడికే వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు.

కత్తుల గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం రొట్టె పెంక ముఖ్యం. ఆ కొలుములు వదిలిన చిట్టెం దిబ్బలు ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇనుము కమ్మరి చేతిలో నాగలి కర్రు అయింది, కొడవలయింది, మా ఆడవాళ్లకు పెంకయింది.

మా అత్తమ్మ పెంక మీద ఏ పూతా లేదు. కొత్తప్పుడు నూనె రాసి కాల్చి, ఉల్లిగడ్డ చెక్కతో రుద్దిందట. అట్లా కాలిన నూనె ఇనుముకు పట్టి గట్టిపడుతుంది. ఆ తర్వాత రొట్టె దానంతటదే లేస్తుంది. గీకినా భయం లేదు, మళ్లీ నూనె పెడితే చాలు.

పూత మనకు తెలియనిదేం కాదు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుముతుందని లోపల కలాయి పూయించేవాళ్లు. నవాసాగరం చల్లి, కాలే గిన్నెలో తగరం కరిగించి గుడ్డతో తిప్పేవాళ్లు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇత్తడి గిన్నెను వట్టిగా పొయ్యి మీద పెట్టనిచ్చేవాళ్లు కాదు. కలాయి పోయిందంటే ఆ గిన్నెలో వంట బంద్, మళ్లీ పూయించాల్సిందే. ఆ జాగ్రత్త చాలా గొప్పది.

తర్వాత అల్యూమినియం, స్టీలు వచ్చాయి. నాన్‌స్టిక్ పెంక మా ఇంటికి దుబాయి పెట్టెలో వచ్చింది. దాని మీది టెఫ్లాన్‌ను 1938లో అమెరికాలో డూపాంట్ కంపెనీ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుక్కున్నాడు. దాని తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం పెంక మీద మిగిలేది బహు తక్కువే గానీ ఫ్యాక్టరీల చుట్టుపక్కల జనం తాగే నీళ్లలో కలిసింది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015కల్లా దాన్ని మానేశాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది.

ఇప్పటి పెంకల్లో అది లేదంటారు. సరే. కానీ మన వంట వేరు. జొన్నరొట్టెకు పెంకను వట్టిగానే పెద్ద మంట మీద కాల్చాలి. టెఫ్లాన్‌కు 260 డిగ్రీలే హద్దు, వట్టి పెంక ఆ వేడిని నిమిషాల్లో దాటుతుంది. ఇంకా కాలితే పూత విరిగి పొగ వస్తుంది, ఆ పొగకు పంజరంలో పక్షులు చచ్చిపోతాయి. కాబట్టి రొట్టెకు నాన్‌స్టిక్ పనికిరాదు, ఇది నా తీర్పు.

రొట్టెకు, సర్వపిండికి, వేపుళ్లకు ఇనుము. పులుసుకు మాత్రం ఇనుము వద్దు, నల్లబడుతుంది. దానికి స్టీలు గిన్నె గానీ మెరుగు పూయని మట్టి సట్టి గానీ మంచిది. మీ ఇంట్లో పూత లేచిన నాన్‌స్టిక్ పెంక ఉంటే ఇవ్వాళే తీసేయండి. బిడ్డ కొత్త కాపురానికి పోతుంటే, సామానులో ఒక ఇనుప పెంక తప్పకుండా పెట్టండి.