బోరీబందరు నుండి ఘారాపురి పడవరేవు దాక

బొంబాయి నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఘారాపురి గుహలను చూడనివారు అరుదు. స్వస్థలము నుండి చుట్టములు వచ్చినపుడెల్ల వారిని వెంటబెట్టుకొని పోయి పడవ యెక్కించుట మన యిండ్లలో ఆనవాయితీ. పడవలోని గంటసేపటి ప్రయాణమును, గుహలోని మూడు ముఖముల సదాశివమూర్తిని అందరును వర్ణింతురు. కాని రేవునకు చేరు దారిని గూర్చి చెప్పువారు తక్కువ. ఆ దారిలో మన పూర్వుల చెమట కలదు. దానిని మన పిల్లలకు తెలుపవలెనను కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పడవలు బయలుదేరు చోటు అపోలో బందరు. మరాఠీవారు దీనిని పాల్వా బందరందురు. రైలు దిగు చోటు బోరీబందరు. మచిలీపట్నమును నేటికిని బందరని పిలుచుకొను మనకు ఈ మాట క్రొత్తది కాదు. ఒక బందరున దిగి మరియొక బందరునకు నడచుటయే ఈ ప్రయాణము.

1853 ఏప్రిల్ 16వ తేదీన మన దేశములో మొదటి ప్రయాణికుల రైలు ఈ బోరీబందరు నుండియే ఠాణాకు బయలుదేరినది. ఇప్పుడున్న మహాభవనము 1887లో విక్టోరియా టెర్మినస్ అను పేరు పొందినది. 1996లో అది ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయినది. 1874 మే 9న గుర్రపు ట్రాములు వచ్చినవి. వానిలో ఒక దారి కొలాబా నుండి పాయధుని దాక పోయెడిది. 1907లో విద్యుత్తు ట్రాములు, 1926 జూలై 15న బస్సులు వచ్చినవి. పశ్చిమపు రైలు 1930 చివరి వరకు కొలాబా దాక నడచి, ఆపై చర్చిగేటుతో నిలిచిపోయినది. 1964 మార్చి 31న కడపటి ట్రాము బోరీబందరు నుండి దాదరునకు పోయినది. అప్పటికి మేము పసివారము. ట్రాము గంట మ్రోతను గూర్చి మా నాయనగారు చెప్పగా వినుటయే గాని మాకు జ్ఞాపకము లేదు.

ఇక మన సంగతి. పద్దెనిమిదవ శతాబ్ది చివరి భాగమున వెల్లార్డు కట్ట నిర్మాణము జరిగి, సముద్రపు నీరు పారు పల్లపు నేలలు మెరక అయినవి. ఆ నేలలలో ఒకచోట నైజాము సీమ నుండి వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసికొనిరి. వారిని ఇక్కడివారు కామాఠీలనిరి. ఆ పేటయే కామాఠీపుర. రాళ్లు కొట్టుట, సున్నము కలుపుట, గోడలు లేపుట, రోడ్లు వేయుట వీరి పని. నగరమున లేచిన పెద్ద కట్టడములకు కూలీలను సమకూర్చినది ఇట్టి పేటలే. వారిలో నుండి గుత్తేదారులైనవారును కలరు. 1873లో జోతీరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళాజీ కాలేవారు అను తెలుగు పెద్దలుండిరి.

తరువాతి కాలమున ఆ పేటలోని కొన్ని వీధులకు అపకీర్తి వచ్చినది. ఆ వ్యాపారము పరదేశపు సిపాయిలు, నావికుల రాకతో పెరిగినది గాని మనవారు తెచ్చినది కాదు. అయినను పేరు మాత్రము మనదే నిలిచినది. మేము అక్కడ పుట్టి పెరిగినవారమే. ఉద్యోగకాలమున ఎవరైన “ఎక్కడ కాపురము?” అని అడిగినచో ముప్పదియేండ్లకు పైగా “బొంబాయి సెంట్రలు దగ్గర” అని చెప్పితిమి. అది అబద్ధము కాదు, నిజమును కాదు. ఈ దారిని నడచిన ప్రతిసారి ఆ మాట మాకు గుచ్చుకొనుచుండును.

బోరీబందరున దిగి దక్షిణముగా దాదాభాయి నౌరోజీ రోడ్డు పట్టవలెను. ఇరుప్రక్కల రాతి కమానుల క్రింద కాలిబాట కలదు గనుక ఎండ తగులదు. కొంతదూరమున హుతాత్మ చౌకు వచ్చును. ఇది వెనుకటి ఫ్లోరా ఫౌంటెన్. ఇక్కడి స్మారకము సంయుక్త మహారాష్ట్రోద్యమమున ప్రాణములర్పించినవారిది. భాషను బట్టి రాష్ట్రము కోరి ప్రాణము విడిచిన పొట్టి శ్రీరాములుగారిని తలచుకొను మనము అచట ఒక నిమిషము నిలుచుట ధర్మము. ఆపై మహాత్మాగాంధీ రోడ్డున కాలాఘోడా వచ్చును. ఆ పేరునకు కారణమైన నల్లగుర్రపు రౌతు ఏడవ ఎడ్వర్డు. ఆ విగ్రహమును 1965లో తొలగించి బైకలా తోటకు చేర్చిరి. 2017లో రౌతు లేని గుర్రమును అచట నిలిపిరి. మ్యూజియము దాటి రీగల్ సినిమా కూడలి వద్ద ఎడమకు తిరిగినచో సముద్రపు గాలి ముఖమునకు తగులును. మొత్తము రెండున్నర కిలోమీటర్లు, పెద్దవారికి ముప్పావుగంట. నడువలేనివారు కొలాబా వైపు పోవు బస్సెక్కి రీగల్ వద్ద దిగవచ్చును. చర్చిగేటు నుండి వచ్చువారికి దారి మరికొంత దగ్గర.

గేట్‌వే ఆఫ్ ఇండియాకు 1911 మార్చి 31న శంకుస్థాపన జరిగినది. జార్జి విటెట్ గీసిన నమూనా 1914లో ఆమోదము పొందినది. సముద్రమును పూడ్చి నేల చేసి, పసుపువన్నె నల్లసేనపు రాతితో కట్టి 1924 డిసెంబరు 4న తెరచిరి. సొమ్ము చాలక ఎదురుగా వేయదలచిన రాజమార్గమును వేయనేలేదు. అందుచేతనే మనము నేటికిని ద్వారమునకు ఎదురుగా గాక ప్రక్కగా వచ్చి చేరుచున్నాము. పైనున్న శాసనమున రాజు, రాణి దిగిన దినము చెక్కబడియున్నది. రాయి మోసినవారి పేరు ఒక్కటియు లేదు. 1948 ఫిబ్రవరి 28న కడపటి ఆంగ్లపటాలము ఈ ద్వారము గుండనే ఓడ యెక్కి పోయినది.

పడవ పది కిలోమీటర్లకు పైగా పోయి ఘారాపురి చేరును. గుహలు ఆరవ శతాబ్ది నాటివని పండితుల అభిప్రాయము. చాళుక్యరాజగు రెండవ పులకేశి పశ్చిమసముద్రపు లక్ష్మియనదగిన పురీనగరమును నౌకలతో ముట్టడించెనని 634 నాటి ఐహోళె శాసనము చెప్పుచున్నది. ఆ పురి ఈ ద్వీపమేయని కొందరి మతము. ఆ శాసనమే ఆతడు పిష్టపురమును, అనగా మన పిఠాపురమును, జయించినట్లును చెప్పుచున్నది. ఆతని తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్యరాజ్యమును నెలకొల్పినవాడు. ఈ తీరమునకును మన తీరమునకును గల సంబంధము కూలీల కాలమున పుట్టినది కాదని దీనివలన గ్రహింపవచ్చును.

కొన్నేండ్ల క్రిందట మా యింటి పెద్దమ్మగారు శివదర్శనమునకు సోమవారము శ్రేష్ఠమని పట్టుబట్టగా, తెల్లవారకమునుపే పులిహోర మూటతో బయలుదేరి రేవు చేరితిమి. గుహలకు సోమవారము సెలవని అచట తెలిసినది. “శివునికే సోమవారము సెలవటరా!” అని ఆమె మెట్లపై కూర్చుండి నవ్వినది. పులిహోర అక్కడనే తిని, వచ్చిన దారినే నడచితిమి. ఆనాడు ఆమె హుతాత్మ చౌకు కమానుల క్రింద ఆగి, తన మామగారు ఈ ప్రాంతమున రాతిపని చేసెడివారని మొదటిసారి చెప్పినది. గుహలు తెరచియున్నచో ఆ మాట మేము వినియుండెడివారము కాము. కాబట్టి సోమవారము పోవలదు, ఉదయమే పోవలెను, వానాకాలమున సముద్రము పొంగినపుడు పడవలుండవు.

2024 డిసెంబరు 18న ఘారాపురికి పోవుచున్న పడవను వేగముగా వచ్చిన మరియొక పడవ ఢీకొని పదిమందికి పైగా మృతిచెందిరి. పడవలో రక్షణకవచము తొడుగుకొనుటకు సిగ్గుపడరాదు; పిల్లలకు ముందుగా తొడుగవలెను. 2025 అక్టోబరులో భూగర్భపు మెట్రో హుతాత్మ చౌకు దాక వచ్చినది. అదే యేడు రేడియో క్లబ్బు వద్ద క్రొత్త రేవు పనులు మొదలైనవి. రాబోవు కాలమున మన మనుమలు వేరు దారిన, వేరు రేవునుండి పోవచ్చును. సౌకర్యమును కాదనుటకు మేమెవరము?

అయినను ఒక్కసారి బోరీబందరున దింపి వారిని నడిపింపుడు. కమానులను చేతితో తాకనిండు. ఎవరైన “మీదెక్కడ?” అని అడిగినచో కామాఠీపుర అని చెప్పుట నేర్పుడు. మేము ముప్పదియేండ్లు చెప్పలేకపోయిన మాటను ఇప్పుడు చెప్పుచున్నాము.